వేలు చెప్పిన మాట

ఆ మిట్ట నా చూపుడువేలికి తగిలింది. ముందు ఈ మాట ఒప్పుకోవాలి. తర్వాత ఇంట్లోవాళ్ళకూ స్నేహితులకూ "చూసుకోలేదు, మోసపోయాను" అని చెప్పుకున్నాను. అది నిజం కాదు. పోయిన నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం, శాన్ రఫేల్ దాటాక ఒక పెద్దాయన ఇంటి గరాజ్‌లో, దూలానికి వేలాడుతున్న పాత మౌంటెన్ బైక్ ఫ్రేము అడుగున వేలు పెట్టి తడిమాను. హ్యాండిలు దిగే గొట్టానికి నాలుగు వేళ్ళ దూరంలో ఏదో చిన్నగా ఉబ్బినట్టు తగిలింది. బియ్యపు గింజంత ఎత్తు కూడా లేదు. వేలు ఆగింది. నేనే దాన్ని ముందుకు జరిపాను.

నలభై ఏడేళ్ళ వయసులో నేను చేసిన తెలివితక్కువ పని అదే. 450 డాలర్లు పోవడం దాని తర్వాతి సంగతి.

నేను ఫ్రీమాంట్‌లో ఉంటాను. ఇక్కడికి వచ్చి పంతొమ్మిదేళ్ళు. పాత మౌంటెన్ బైకుల పిచ్చి పట్టింది మాత్రం మూడేళ్ళ కిందటే. మా అమ్మాయిని తీసుకుని గోల్డెన్ గేట్ వంతెనకు అవతల ఉన్న మరిన్ కౌంటీకి వెళ్ళాం. అక్కడ ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊళ్ళో సైకిళ్ళ మ్యూజియం ఉంది. ఆ ఊరి దగ్గరి కొండల్లోనే ఈ బైకులు పుట్టాయి. 1976 అక్టోబరు 21న కొందరు కుర్రాళ్ళు అక్కడి మట్టిదారిలో కిందికి పందెం వేసుకున్నారు. వాళ్ళవి 1930లు, 40ల నాటి బరువైన ష్విన్ సైకిళ్ళు. రెండు మైళ్ళు కూడా లేని ఆ దారి సుమారు పదమూడు వందల అడుగులు దిగుతుంది. వెనక హబ్బులో ఉండే బ్రేకు ఆ దిగుడుకు ఎంత వేడెక్కేదంటే, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతి పందెం తర్వాతా హబ్బు విప్పి గ్రీజు మళ్ళీ నింపాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి 'రీప్యాక్' అనే పేరు నిలిచిపోయింది. ఆ పందేల్లో గ్యారీ ఫిషర్ ఆ దారిని 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు. 1977లో జో బ్రీజ్ కొండల కోసమే కొత్తగా ఒక ఫ్రేము కట్టాడు. టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో 1979లో ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి దుకాణం పెట్టారు. 1981కల్లా జపానులో తయారై పెద్ద సంఖ్యలో అమ్ముడుపోయే మౌంటెన్ బైకు వచ్చేసింది.

ఇదంతా చదువుతుంటే తెనాలి గుర్తొచ్చేది నాకు. ఉన్న సైకిలును విప్పి, అతికించి, పనికొచ్చేట్టు చేసుకోవడం మాకు తెలిసిన విద్యే. మా వీధి చివర సైకిల్ షాపు బాబాయి దగ్గర నేను సెలవుల్లో పంక్చర్లు వేసేవాణ్ణి. రిమ్ము బెండు తీయడం కొంచెం పట్టుబడింది. ఎవరైనా పాత సైకిలు అమ్మకానికి తెస్తే బాబాయి ముందు దాని రంగు చూసేవాడు కాదు. వెనక నిలబడి, ఒక కన్ను మూసి, రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూసేవాడు. తర్వాత హ్యాండిలు కింద, గొట్టాల అడుగున, వేలు పెట్టి మెల్లగా తడిమేవాడు. "గుద్దుకున్న బండి ఇక్కడే చెప్పుద్దిరా అబ్బాయ్" అనేవాడు.

అంటే ఎక్కడ తడమాలో నాకు పన్నెండో ఏటే తెలుసు.

పైగా ఈసారి రెండు నెలలు చదివాను. ఎదురుగా దేన్నైనా గుద్దుకుంటే ముందు చక్రం తనను పట్టి ఉంచే ఫోర్కును వెనక్కి నెడుతుంది. ఫోర్కు హెడ్ ట్యూబును మెలిపెడుతుంది. అంటే హ్యాండిలు కాడ దిగే ఆ పొట్టి గొట్టాన్ని. దాన్నుంచి పెడళ్ళ గూటి దాకా ఏటవాలుగా దిగే లావు గొట్టం డౌన్ ట్యూబు. ఆ మెలికకు దాని అడుగుభాగం నలిగి ముడతపడుతుంది. మంచి ఫ్రేముల్లో గొట్టాలు అంతటా ఒకే మందం ఉండవు. అతుకుల దగ్గర దళసరిగా, నడుమ పలుచగా లాగుతారు. బరువు తగ్గడానికి అలా చేస్తారు. ఆ దళసరి భాగం అయిపోయి పలుచన మొదలయ్యే చోటే ముడత పడుతుంది. అందుకే అతుకు దగ్గర కాదు, దానికి కాస్త కింద వెతకాలి. రంగు మీద సన్నటి గీతలు కనిపించినా అనుమానించాలి. పై గొట్టం అడుగు కూడా తడమాలి.

ఇదంతా కాగితం మీద రాసుకున్నాను. ఒక సంచిలో టార్చిలైటు, వెర్నియర్ కాలిపర్, నాలుగు గజాల పురికొస దారం, చిన్న అయస్కాంతం సర్దుకున్నాను. అయస్కాంతం ఎందుకంటే, సొట్ట మీద లప్పం పూసి రంగేస్తే కంటికి తెలియదు గానీ అయస్కాంతం అక్కడ పట్టు వదులుతుంది. ఉక్కు ఫ్రేములకు పనికొచ్చే పరీక్ష అది. ఆ సంచి కారు డిక్కీలో పెట్టుకున్నాను. ఆ రోజంతా అది డిక్కీలోనే ఉండిపోయింది.

ఎందుకు తీయలేదో చెప్పాలి.

ఆ పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. మేం వెళ్ళగానే లోపలికి పిలిచి నాకు కాఫీ ఇచ్చారు. మా అమ్మాయికి బిస్కట్లు పెట్టారు. మోకాళ్ళు అరిగిపోయాయట. ఇల్లు అమ్మేసి చిన్న అపార్ట్‌మెంటుకు మారుతున్నారట. ఆదివారాలు టమల్‌పైస్ కొండ మీద ఎలా తిరిగేవారో చెబుతుంటే ఆయన చేతులు హ్యాండిలు పట్టుకున్నట్టే కదిలాయి. అలాంటి మనిషి ముందు దారం, టార్చి తీసి కొలతలు వేయడమంటే ఆయన మాటను శంకించినట్టు అనిపించింది. మొహమాటం. మన ఇళ్ళలో దాన్ని మర్యాదకు చెల్లెలిగా పెంచుతారు. ఆ రోజు నేను దాన్ని మర్యాదే అనుకున్నాను.

మా తాతయ్య ఎడ్లు కొనడానికి సంతకు వెళ్తే నన్నూ ఒకటి రెండుసార్లు వెంట తీసుకెళ్ళాడు. పెదవి ఎత్తి పళ్ళు చూసేవాడు. నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అని. మెడ మీద కాడి రాపిడికి పుండు పడిందేమో చేత్తో నొక్కి చూసేవాడు. గిట్టలెత్తి చూసేవాడు. నడిపించమనేవాడు, మళ్ళీ తిప్పి నడిపించమనేవాడు. అమ్మే రైతు ఒక్కసారైనా నొచ్చుకోలేదు. తనే దాని నోరు తెరిచి పట్టుకునేవాడు. అంతా అయ్యాక తువాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం. అప్పుడు ఇద్దరికీ తెలుసు దేనికి ఎంత ఇస్తున్నారో. ఆ సంతలో ఉన్నంత నిండైన గౌరవం ఆ గరాజ్‌లో నేను ఆ పెద్దాయనకు ఇవ్వలేదు. ఆయన సరుకును చూడకుండా కొన్నాను. అడగాల్సిన ప్రశ్న అడగలేదు. "ఇది ఎప్పుడైనా గుద్దుకుందా అండీ?" అంతే కదా. తెలుగులో అయినా ఇంగ్లీషులో అయినా నాలుగైదు మాటలు.

ఇక ఆ ఫ్రేము. 1980ల చివరిది. జపానులో తయారైంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే కట్టినవాళ్ళ తప్పు ఇందులో వెంట్రుకంత కూడా లేదు. క్రోమోలీ ఉక్కు గొట్టాలు. నెమలికంఠం రంగు వెనక్కి పోయేకొద్దీ తెల్లగా కరిగిపోతుంది. గొట్టాల మీద కంపెనీ వేసిన చీటీ చెక్కు చెదరలేదు. సరిగ్గా అలాంటి ఫ్రేము బొమ్మనే పాత క్యాటలాగులో చూసి చూసి నాకు కంఠతా వచ్చేసింది. గరాజ్ తలుపు పైకి లేచి వెలుగు దాని మీద పడగానే నా కొనుగోలు అయిపోయింది. తర్వాత నేను చేసింది పరీక్ష కాదు. అప్పటికే అయిపోయిన పెళ్ళికి జాతకాలు చూడటం.

"నాన్నా, ముందున్నది నల్లగా ఉందేంటి?" అని మా అమ్మాయి తెలుగులో అడిగింది.

ఫోర్కు నల్లది. క్యాటలాగులో ఫ్రేము రంగే ఫోర్కుకు కూడా ఉంటుంది, అది నాకు తెలుసు. ఫోర్కు మారిందంటే ఎవరో ఎందుకో మార్చారు. ఫోర్కు వంగిపోతే మారుస్తారు. ఫోర్కును వంచిన దెబ్బ ఫ్రేమునూ వదిలిపెట్టకపోవచ్చు. బాబాయి షాపులో కూర్చునే కుర్రాడికి కూడా తట్టే సంగతి. పదమూడేళ్ళ పిల్ల కంటికి పడింది. నేనేమన్నానంటే, "అది ఇంకా మంచి ఫోర్కమ్మా, తర్వాత కొని వేయించి ఉంటారు" అన్నాను. అంటూ సంతోషించాను కూడా. ఇంత ఖరీదైన ఫోర్కు అదనంగా వస్తోందని. నా కళ్ళముందున్న సాక్ష్యాన్ని నేనే బహుమానంగా మార్చుకున్నాను.

ఆ తర్వాతే వేలు పెట్టి తడిమాను. మిట్ట తగిలింది. రంగు కారి గడ్డకట్టిందేమో అనుకున్నాను. అనుకున్నాను అనడం కూడా సరికాదు, అనుకోమని నాకు నేను చెప్పుకున్నాను. తలవంచి కిందనుంచి చూస్తే సరిపోయేది. వంచలేదు. చూస్తే తెలిసిపోతుందని నాలో ఎవరికో తెలుసు.

సీటు పోస్టు కదపబోతే కదల్లేదు. "కాస్త బిగిసింది, నూనె వేస్తే వస్తుంది" అన్నారాయన. ఆయన నమ్మే అన్నారు. తల ఊపాను. డబ్బులిచ్చాను. బేరం కూడా ఆడలేదు.

ఇంటికి తెచ్చాక ఆ రాత్రే సంచి తీశాను. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆరు గంటల ముందు తీయాల్సిన సంచిని, డబ్బు చేతులు మారాక, నా గరాజ్‌లో, ఎవరి మొహమాటమూ లేని చోట తీశాను. దారం ఒక కొసను వెనక చక్రం బిగించే గాడికి కట్టాను. హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి రెండో గాడికి బిగించాను. సీటు దిగే గొట్టానికి, దారానికి మధ్య దూరం రెండువైపులా ఒకటే ఉండాలి. ఎడమవైపు 33 మిల్లీమీటర్లు వచ్చింది, కుడివైపు 29. ఒకటి అరా అయితే సర్దుకోవచ్చు. నాలుగు మిల్లీమీటర్లంటే ఫ్రేము పక్కకు తిరిగిందన్నమాట. తప్పు కొలిచానని మూడుసార్లు కొలిచాను.

అప్పుడు ఫ్రేమును తలకిందులు చేసి టార్చి అడ్డంగా పట్టాను. ఇదొక మంచి పద్ధతి. వెలుగు నేరుగా వేస్తే ఏదీ కనబడదు. గొట్టం పక్కనుంచి, పొలం మీద పొద్దుటి ఎండ పడ్డట్టు వేస్తే ప్రతి ఎత్తుపల్లానికీ నీడ పడుతుంది. డౌన్ ట్యూబు అడుగున అర్ధచంద్రాకారంలో ముడత, దాని మీద రంగు పగిలి మూడు సన్నటి గీతలు. పై గొట్టం అడుగున అంతకంటే చిన్నది మరొకటి.

మిగతావి ఒకటొకటిగా బయటపడ్డాయి. సీటు పోస్టు అల్యూమినియం, గొట్టం ఉక్కు. తడి చేరితే ఆ రెండు లోహాల మధ్య అల్యూమినియం తుప్పు పట్టి, ఆ తుప్పు ఉబ్బి, మేకు దిగినట్టు బిగుసుకుపోతుంది. రెండు వారాలు నూనె పోశాను, ఇసుమంత కదల్లేదు. అందుకే కొనేముందు సీటు పోస్టునూ హ్యాండిలు కాడనూ అమ్మేవాళ్ళ ఎదుటే కదిపి చూడాలి. పోస్టు బయటికి వస్తే గొట్టం లోపల తుప్పు ఎంతుందో టార్చి వేసి చూడొచ్చు. సీటు బిగించే చీలిక అడుగున పగులుందేమో కూడా అప్పుడే చూడాలి. వెనక బ్రేకు తీరు కూడా నేను పట్టించుకోలేదు. ఈ ఫ్రేము తయారైన రోజుల్లో రెండు మూడేళ్ళు చాలా కంపెనీలు వెనక బ్రేకును పెడళ్ళ వెనక, కింద, బురద చేరే చోట పెట్టాయి. దాన్ని యూ బ్రేకు అంటారు. దాని మేకులు రిమ్ముకు పైన ఉంటాయి. మామూలు కాంటిలీవర్ బ్రేకుకు రిమ్ము కింద ఉండాలి. నేను ముందే కొనిపెట్టుకున్న కాంటిలీవర్ బ్రేకులు దీనికి పట్టవు. ఇవన్నీ భరించదగినవే. వెనక గాళ్ళ మధ్య దూరం 130 మిల్లీమీటర్లుండటం అసలు లోపమే కాదు, ఉక్కు కాబట్టి నా దగ్గరున్న 135 చక్రానికి కాస్త సాగదీస్తే సరిపోతుంది. ముడత మాత్రం భరించేది కాదు.

ఫ్రేములు కట్టే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన టార్చి కూడా వేయలేదు. బొటనవేలితో ఒకసారి రాసి నా మొహం చూశారు. రెండు గొట్టాలూ కోసి కొత్తవి వేయొచ్చు, నేను పెట్టినదానికి రెండింతలవుతుంది, ఆ రంగు పోతుంది అన్నారు. అలాగే తొక్కితే ఏమవుతుందని అడిగాను. ఏళ్ళ తరబడి ఏమీ కాకపోవచ్చు, ముడత దగ్గర పగులు పుడితే మాత్రం దిగుడులో ఉన్నప్పుడు తెలుస్తుంది అన్నారు. మీ పిల్లల్ని ఎక్కిస్తారా అని అడిగాను. ఎక్కించను అన్నారు.

ఇంతవరకు చెప్పింది తెలివితక్కువతనం. ఇక చెప్పబోయేది దానికంటే కింది మెట్టు.

నేనా ఫ్రేమును అమ్మేద్దామనుకున్నాను. పగటి వెలుతురులో గోడకు ఆనించి ఎనిమిది ఫోటోలు తీశాను. నెమలికంఠం రంగు బ్రహ్మాండంగా వచ్చింది. ప్రకటన రాసుకున్నాను: "అరుదైన ఫ్రేము, చిన్న చిన్న గీతలు తప్ప చాలా బాగుంది, ఇంకా మంచి ఫోర్కుతో." ఆ చివరి మూడు మాటలు రాస్తున్నప్పుడు కూడా నాకు ఏమీ అనిపించలేదు. నాలుగు రోజులు ఆ ప్రకటన నా ఫోన్లో సిద్ధంగా ఉంది. ధర దగ్గర మాత్రం ఆగాను. 450 వేయాలా, 475 వేయాలా అని.

నాలుగో రోజు రాత్రి అన్నాలు తింటుంటే మా అమ్మాయి ఫోటోలు చూస్తానంది. ఒక్కొక్కటీ జరుపుతూ పోయి, చివరికి "కింద వైపు తీయలేదే నాన్నా?" అంది. ఆ పిల్ల నన్ను నిలదీయలేదు, మర్చిపోయాననుకుంది. కావాలంటే తను తీసిపెడతానంది.

నా భార్య నావైపు చూసి మళ్ళీ కంచంలోకి చూసుకుంది.

శాన్ రఫేల్ పెద్దాయన గురించి అప్పటిదాకా నేను మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. తెలిసే అమ్మాడని. ఆ రాత్రి మొదటిసారి సరిగ్గా ఆలోచించాను. ఆయన తెలిసి అమ్మారో లేదో నాకు తెలియదు, ఎందుకంటే నేను అడగలేదు. ఆ ఫ్రేమును ఆయనకు అమ్మినవాళ్ళు అప్పటికే ఫోర్కు మార్చి ఉండొచ్చు. నా సంగతి మాత్రం నాకు తెలుసు. ముడతను తాకిన వేలితోనే ఆ ప్రకటన టైపు చేశాను. ఎవరో ఒక కుర్రాడు దాన్ని కొని, చక్రాలు వేసుకుని, ఏ కొండ దిగుతూనో ఉండగా అది పగిలితే ఏం జరుగుతుందో ఆ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా ఊహించుకోలేదు. ఊహించుకోవడం ఇష్టంలేక. గరాజ్‌లో తలవంచి చూడకపోవడానికీ దీనికీ మూలం ఒకటే.

మరుసటి ఆదివారం హాక్సా బ్లేడు తెచ్చి డౌన్ ట్యూబును రెండు చోట్ల కోశాను. ఎవరూ ఎప్పుడూ దాన్ని మళ్ళీ అమ్మలేకుండా. పలుచని గొట్టమే గానీ మొండి ఉక్కు, రెండు బ్లేడ్లు అరిగాయి. కోస్తుంటే లోపలినుంచి ఎర్రటి తుప్పుపొడి కాగితం మీద రాలింది. మా అమ్మాయి వెర్నియర్‌తో కొలిచింది. హెడ్ ట్యూబు వైపు 0.9 మిల్లీమీటర్లు, నడుమ వైపు 0.6. ముడత సరిగ్గా ఆ రెండింటికీ మధ్యలో ఉంది. లోపలివైపు పగులుందేమో అని టార్చి వేసి చాలాసేపు చూశాం. కనబడలేదు. ఆ ముక్కను తన పుస్తకాల బల్ల మీద పెట్టుకుంటానంది, ఇచ్చాను. కళ్ళు మూసుకుని దాని మీద వేలు పోనిచ్చి, "ఇక్కడ" అని ఆపి చూపిస్తుంది, ఎవరొచ్చినా.

తెనాలికి ఫోన్ చేసి నాన్నకు ఇదంతా చెప్పాను. సైకిల్ షాపు బాబాయి పోయి చాలాకాలమైంది. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీ తాతయ్య ఒక ఎద్దును పళ్ళు చూడకుండా కొన్నాడు తెలుసా, బావమరిది దగ్గర" అన్నారు. ఆ కథ నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఏమైందని అడిగితే, "రెండో ఏడు దుక్కిలోనే కూలబడింది" అన్నారు.

మొన్న మార్చిలో ఇంకో ఫ్రేము చూడటానికి వెళ్ళాం, శాంటా క్రూజ్ వైపు. ఎర్రది, 1990ల మొదట్లోది, ఫోర్కు కూడా అదే ఎరుపు. అమ్మే ఆయనకు ముప్పై ఐదేళ్ళుంటాయేమో. ఈసారి సంచి నా భుజానికే ఉంది. దారం తీస్తుంటే చేతులు కొంచెం వణికాయి. "కొలుచుకోవచ్చా అండీ, గుద్దుకున్నదేమో చూడాలి" అని నోరు తెరిచి అడిగాను. ఆయన ఫ్రేమును కొక్కెం మీంచి దించి బల్ల మీద పెట్టి, దారం రెండో కొస తనే పట్టుకున్నారు.

"ఎడమవైపు 31" అంది మా అమ్మాయి.

కుడివైపు చదవమన్నాను.